తుపానుల నెలల్లో ఇనుప కాలమ్‌లు నిలబెట్టేవారికి జాగ్రత్తలు

గోదాముకో, రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డుకో, చీమకుర్తి వైపు గ్రానైట్ కటింగ్ షెడ్డుకో కాలమ్‌లు లేపే పని అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య పడితే, ఈశాన్య రుతుపవనాల గాలివానలను లెక్కలోకి తీసుకోకుండా క్రేన్‌ను పిలిపించకూడదు. గాలి భారాన్ని లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం నెల్లూరుకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని నిర్దేశించింది. అయితే ఆ లెక్కతో డిజైన్ చేసిన షెడ్డు పూర్తయ్యాకే ఆ గాలికి ఆగుతుంది. బీములు, కాలమ్‌లను ఏటవాలుగా కలిపే బ్రేసింగులు పడకముందు ఒంటరి కాలమ్‌కు అంత బలం ఉండదు. క్రేన్ హుక్కు విప్పిన క్షణం నుంచి దాన్ని పట్టి ఉంచేవి అడుగున కాంక్రీటులో పాతిన ఫౌండేషన్ బోల్టులే.

అందుకే ముందుగా చూడవలసింది ఆ బోల్టులను. ప్రతి కాలమ్‌కు కనీసం 4 బోల్టులు ఉండాలని, పునాది కాంక్రీటు డిజైన్ బలంలో 75 శాతానికి చేరాకే ఉక్కు నిలబెట్టాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనలు చెబుతున్నాయి. మన సైట్లలోనూ పాటించదగిన కొలత ఇది. కాలమ్ అడుగునుండే బేస్ ప్లేటు రంధ్రానికి బోల్టు అరంగుళం పక్కకు ఉంటుంది, క్రేన్ అద్దె గంటల లెక్కన పెరుగుతుంటుంది, ఆ తొందరలో ఎవరో ఒకరు బోల్టును గ్యాసుతో కాల్చి సుత్తితో వంచుతారు. పైకి చూస్తే నట్టు బిగిసినట్టే ఉంటుంది, లోపల బోల్టు బలం ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. డిజైన్ ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే బోల్టు జోలికి ఎవరినీ పోనివ్వకండి. కాలమ్‌ను దించి పక్కన పడుకోబెడితే పోయేది ఆ పూట అద్దె మాత్రమే.

నట్లన్నీ బిగించి, కాలమ్‌ను నాలుగు వైపులా లాగి పట్టే గై రోపులు కట్టి, కింద పెట్టిన ప్యాకింగులు (ఇనుప పలకలు) బేస్ ప్లేటుకు సరిగా ఆనాయని చూసుకున్నాకే హుక్కు విప్పాలి. విప్పడానికి పైకెక్కే మనిషి నడుము బెల్టుతో సరిపెట్టుకోకుండా ఫుల్‌బాడీ హార్నెస్ వేసుకోవాలి. దాన్ని తగిలించుకునే లైఫ్‌లైన్‌ను (భద్రతా తాడును) కాలమ్ నేల మీద ఉండగానే దాని పై కొనకు కట్టేయడం మేలు.

రేగడి నేల నానితే క్రేన్ కాళ్లు దిగబడతాయి కాబట్టి వాటి కింద వెడల్పాటి పలకలు తప్పనిసరి. కరెంటు తీగలు దగ్గరగా ఉంటే సరఫరా ఆపించేవరకు పని మొదలుపెట్టకూడదు.

సాయంత్రానికి బీములతో, బ్రేసింగుతో కలపలేనన్ని కాలమ్‌లను ఆ రోజు లేపవద్దు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకుముందే నెల్లూరు జిల్లాను భారీ వర్షాలతో ముంచెత్తింది. కాలమ్‌లను కలపడానికి తుపాను తీరం దాటేవరకు ఆగుదామనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. వాన వెలిశాక, మనుషులను పైకి పంపే ముందు, గై రోపుల మేకులు నానిన నేలలో కదిలాయేమో ఒక్కొక్కటిగా చూసి, రోపులను బిగించే టర్న్‌బకిల్స్ మళ్లీ తిప్పి బిగించి, కాలమ్‌లకు తూకం గుండు పట్టి నిలువు సరిచూసుకోవాలి.