హైదరాబాదీ చాంద్‌బాలీ, 3వ పాఠం: ముత్యాల అంచు

కిందటి పాఠంలో చాంద్‌బాలీకి, అంటే నెలవంక ఆకారపు చెవిపోగుకి, ఫ్రేమ్ సిద్ధం చేసుకున్నాం. దాని కింది అంచున వరసగా 11 బుల్లి రింగులున్నాయి కదా, ఈసారి వాటికి ముత్యాలు వేలాడదీద్దాం. నా దృష్టిలో చాంద్‌బాలీ అందమంతా ఇక్కడే ఉంది. తల తిప్పితే ఒక్కో ముత్యం విడిగా ఊగాలి. బిగుసుకుపోతే ఎంత మంచి కెంపులు పొదిగినా పాత పనితనం అనిపించదు.

నిజాంల కాలపు నగల్లో పేరున్నవి గల్ఫ్ నుంచి వచ్చిన బస్రా ముత్యాలు. మీగడ రంగు వాటి సొగసు. జపాన్ పెంపకపు ముత్యాల పోటీకి 1930లలో గల్ఫ్ ముత్యాల వేట దెబ్బతింది. ఇప్పుడు హైదరాబాద్ పత్తర్‌గట్టి దుకాణాల్లో దొరికేవి చాలావరకు చైనా మంచినీటి ముత్యాలు. వాటిలోనే మీగడ ఛాయ ఉన్న సరం అడగండి. తళతళలాడే తెలుపు చూడగానే నచ్చుతుంది గానీ, ఈ బాణీకి నప్పదు.

సరం విప్పి తువ్వాలు మీద పోస్తే ముత్యాలు దొర్లిపోవు. కిటికీ వెలుతురులో రెండు చెవులకీ ఒకేసారి జతలు ఏరండి. ఒకటి పూర్తిచేసి రెండోదానికి వెతకబోతే జత కుదరదు. పెద్దది మధ్యలో, చివరలకు పోనుపోను చిన్నవి.

ఇక తీగ పని. 24 గేజ్ హెడ్‌పిన్ (పూస జారిపోకుండా ఒక కొసన చిన్న తల ఉన్న తీగ) తీసుకోండి, అది సుమారు అర మిల్లీమీటరు మందం. ముత్యం రంధ్రంలో పట్టకపోతే ఇంకా సన్నదైన 26 గేజ్ వాడండి, బలవంతంగా దూర్చొద్దు, ముత్యం పగులుతుంది. పిన్నుకి ముందు చిన్న కెంపు పూస, తర్వాత సన్న బంగారు గుండు, ఆపైన ముత్యం ఎక్కించండి. గుండు సోకు కోసం కాదు. పదికి లెక్కేసే మోస్ కొలతలో కెంపు కాఠిన్యం 9, ముత్యానిది 2.5 నుంచి 4.5 మధ్య. రెండూ ఒరుసుకుంటే ముత్యం మెరుపు పోతుంది.

ముత్యం పైన 2 మిల్లీమీటర్లు వదిలి తీగను పక్కకు వంచండి. గుండ్రటి మూతి ప్లయర్‌తో లూప్ తిప్పండి. ఇక్కడ ఆగండి: తీగ చుట్టకముందే లూప్‌ను ఫ్రేమ్ రింగులోకి ఎక్కించాలి. చుట్టేశాక ఇక ఎక్కదు, కత్తిరించి పారేయాల్సిందే. ఎక్కించాక లూప్‌ను ప్లయర్‌తో పట్టుకుని, మిగిలిన తీగను ముత్యం పైన వదిలిన ఆ 2 మిల్లీమీటర్ల మెడ చుట్టూ రెండు మూడు చుట్లు దగ్గరగా తిప్పి కత్తిరించండి. కొన గుచ్చుకోకుండా లోపలికి నొక్కండి. జుట్టు చిక్కుకునేది అక్కడే.

లూపులన్నీ ఒకే సైజులో రావాలంటే ప్లయర్ మూతి మీద మార్కర్‌తో గీత పెట్టుకుని, ప్రతిసారీ అక్కడే తిప్పండి.

వచ్చే పాఠం దాకా రాగి తీగ, గాజు పూసలతో సాధన చేయండి. లూపులు ఒక్క తీరుగా వస్తున్నాయనిపించాకే ముత్యాలు ముట్టుకోండి. వచ్చేసారి, ఈ బరువుకి చెవి తమ్మె సాగకుండా మాటీలు తగిలిద్దాం.