బురద కొండదారిలో బైక్, 4వ పాఠం: ఎత్తు మీద బండి ఆగిపోతే

పోయినవారం ఇచ్చిన పని చేశారా? వాన వెలిసిన మర్నాడు ప్రత్తిపాడు వైపు ఏదైనా డొంకలోకి దిగి, సెకండ్ గేర్‌లో, కాలు కింద పెట్టకుండా వంద గజాలు వెళ్లమన్నాను. వెళ్లినవాళ్లకి మడ్‌గార్డ్ కింద రేగడి ఎలా కూరుకుపోతుందో, చక్రం ఎలా మొరాయిస్తుందో తెలిసే ఉంటుంది. పుల్ల పెట్టి గోకి తీయాల్సి వచ్చిందంటే పాఠం సరిగ్గానే జరిగిందన్నమాట.

ఇప్పుడు కొండకి వెళ్దాం. తెల్లవారుజామున విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కలుసుకుని రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరేదాకా అంతా తారు రోడ్డే, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. అక్కడి నుంచి పక్కకి తిరిగే మట్టిదారులతోనే మన పని. అక్కడిది ఎర్రమట్టి. మన రేగడిలా చక్రాన్ని పట్టుకోదు. వానకి పైపొర సబ్బులా అవుతుంది, కింద గట్టిగానే ఉంటుంది. రేగడిలో బండి కదలదు, ఇక్కడ ఆగదు.

మొదటిసారి ఆరు బళ్ల మీద వెళ్లాం. నేను మూడోవాణ్ణి. ముందువాడి చక్రం చిమ్మే బురద నా హెల్మెట్ అద్దం మీద పడేంత దగ్గరగా పోతున్నాను. సగం ఎత్తులో వాడు ఆగాడు, నేనూ ఆగక తప్పలేదు. ముందు బ్రేకు బిగబట్టాను. చక్రం తిరగట్లేదు, బండి మాత్రం మెల్లగా వెనక్కి జారుతోంది! రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టినా ఆగలేదు. చివరికి పక్కనున్న కాలవలో పడ్డాం, బండీ నేనూ. తప్పు పూర్తిగా నాదే.

ఎందుకు జారిందంటే, ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక చక్రం మీదికి పోతుంది. తేలికైపోయిన ముందు చక్రాన్ని ఎంత బిగించినా దానికి పట్టు దొరకదు. పట్టున్నది వెనక. కానీ వెనక బ్రేకు కుడికాలి కింద ఉంటుంది, ఆ కాలేమో నేల మీద ఉంది. మరి దేంతో ఆపాలి? క్లచ్‌తో.

చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ఇంజిన్ ఆగిపోయినా బండి గేర్‌లో ఉండి, క్లచ్ వదిలేసి ఉంటే, ఇంజినే వెనక చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. ఫస్ట్ గేర్‌లో ఆ పట్టు ఇంకా ఎక్కువ. భయం వేయగానే మన ఎడమచెయ్యి క్లచ్ మీదికే పోతుంది, అదే కొంప ముంచేది. బండి ఆగిపోతోందని తెలియగానే ఎడమచేతి వేళ్లు లివర్ మీంచి తీసేయండి. ఇంజిన్ దానంతట అదే ఆగకపోతే కిల్ స్విచ్ నొక్కండి. తర్వాత ఊపిరి పీల్చుకోండి, తొందరేమీ లేదు.

ఇప్పుడు వెనక్కి దిగాలి. తాళం ఆపేయండి. కాళ్లు రెండూ కింద, ముందు బ్రేకు మీద రెండు వేళ్లు తేలిగ్గా. క్లచ్ వెంట్రుకవాసి నొక్కండి, బండి జానెడు వెనక్కి దొర్లుతుంది. వదలండి, ఆగుతుంది. మళ్లీ జానెడు. హ్యాండిల్ ఎడమకి తిప్పి ఇలా దొర్లిస్తే బండి వెనకభాగం ఎడమకి పోయి, ముందుభాగం కుడికి తిరిగి, బండి దారికి అడ్డంగా వస్తుంది. కుడికే ఎందుకంటే, అప్పుడు మీ ఎడమవైపు ఎత్తు ఉంటుంది, సైడ్ స్టాండూ అటే ఉంటుంది. దిగడం కూడా అటే దిగాలి. పల్లం వైపు దిగితే, జారిన బండి మీ మీదే పడుతుంది. హిమాలయన్ లాంటి పెద్ద బండైతే దాదాపు రెండు వందల కిలోలు. కిందున్న కాలు లాక్కోవడానికి ఎవరైనా వచ్చేదాకా అలా పడుకోవాల్సిందే.

అడ్డంగా వచ్చాక హ్యాండిల్ కుడికి తిప్పి, అదే క్లచ్ ఆటతో ముందుకు దొర్లిస్తే ముఖం కిందికి తిరుగుతుంది. బండి మీదే ఎత్తు కిందిదాకా దిగి, మొదటినుంచి మళ్లీ ఎక్కండి. సగంలోంచి స్టార్ట్ చేసి రేజ్ చేస్తే చక్రం ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుతుంది, వెనక వచ్చేవాళ్లు అందులో పడతారు.

గుంపుకి నేను పెట్టే షరతు ఒక్కటే: ఎత్తు మీద ఒకేసారి రెండు బళ్లు ఉండకూడదు. పైకి చేరినవాడు రెండుసార్లు హారన్ కొట్టేదాకా రెండోవాడు కిందే సమంగా ఉన్నచోట ఆగాలి. ఎక్స్‌పల్స్ లాంటి తేలిక బండి ముందు వెళ్లాలి, బరువు బళ్లు చివర్న. బరువు బండి దారిని దున్నేస్తుంది, పైగా ముందు ఎక్కినవాళ్లు నడిచి దిగొచ్చి దాన్ని తోయొచ్చు. గొప్ప కోసం పెద్ద బండివాడు ముందు పోతానంటాడు, పోనివ్వకండి. ఆ ఊరివాళ్లెవరైనా పాత స్ప్లెండర్ మీద ఎదురైతే మాత్రం ఆపి, ఏ పక్కన పోవాలో అడగండి. నిన్నటి వానకి ఏ గాడి తెగిందో వాళ్లకే తెలుసు.

ఈ వారం పనికి కొండదాకా పోనక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు చాలు. మధ్యాహ్నం కార్లు తిరగని వేళ, వాచ్‌మన్‌కి ముందే చెప్పి, ఒక మనిషిని పక్కన పెట్టుకుని మొదలెట్టండి. ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేర్‌లో, ర్యాంపు సగంలోంచి జానెడు జానెడుగా వెనక్కి దిగండి. రోజుకి పదిసార్లు. మూడో రోజుకి చెయ్యి దానంతట అదే క్లచ్ వదలడం మొదలెడుతుంది. అప్పుడు అడ్డంగా తిప్పడం కలపండి.

వచ్చే పాఠం దిగుడు గురించి. టైర్లలో గాలి ఎంత తగ్గించాలో కూడా అందులోనే చూద్దాం, ఈలోగా ఒక గాలి గేజ్ కొని పెట్టుకోండి.