ఈ సెలవుల్లో 'పర్లేదు' అనకండి

పోయిన మే నెలలో మా వీధిలో ఒకావిడకు జరిగిందిది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పార్వతీపురం నుంచి ఆడపడుచు పిల్లలు ముగ్గురు దిగారు. పొద్దుటి నుంచి రెండు గ్లాసుల టీ తప్ప ఆమె కడుపులో ఏమీ పడలేదు. డాబా మీద వడియాలు పెట్టి దిగొచ్చి, వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. పిల్లలు చూశారు. ఎండాకాలం మధ్యాహ్నం అమ్మ చల్లటి గచ్చు మీద చాప కూడా లేకుండా వాలడం వాళ్ళకు కొత్త కాదు. నిద్రపోతోందనుకుని టీవీ సౌండ్ తగ్గించారు. చిన్నది ఆకలేసి లేపితే లేవలేదు, అప్పుడు పక్కింటికి పరుగెత్తింది. అప్పటికే పొయ్యి మీద పప్పు మాడి బొగ్గయింది.

నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. సెలైన్ ఎక్కుతుండగా నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట: "పర్లేదు వదినా, ఎండలో మీరెందుకొచ్చారు?"

మజ్జిగ తాగండి, గొడుగు వేసుకోండి అని అందరూ చెబుతున్నారు కాబట్టి నేను చెప్పను. ఆ 'పర్లేదు' గురించి చెబుతాను. ఒడిశాలోని మా రాయగడలో వేసవి సెలవుల్లో తల్లుల్ని మంచాన పడేసేది ఎండ ఒక్కటే కాదు, ఈ మాట కూడా.

ఒడిశాలో ఎండల వల్ల 2025లో ఏప్రిల్ 23 నుంచే సెలవులిచ్చేశారు. బడులు తెరిచింది జూన్ 20న. అంటే ఎనిమిది వారాలు పైనే. ఆంధ్రాలో జూన్ 12కే తెరిచారు కాబట్టి చుట్టాల పిల్లలు వెళ్ళిపోయాక కూడా మన పిల్లలు ఇంట్లోనే ఉంటారు. పైగా విజయనగరం, బొబ్బిలి వాళ్ళ దృష్టిలో మనది కొండల ఊరు, చల్లగా ఉంటుందట. ఆ మాట అన్నవాళ్ళను మే నెల మధ్యాహ్నం రెండింటికి స్టేషన్ నుంచి ఇంటి దాకా నడిపించాలి.

ఆడపడుచు ఫోన్ చేసి "పిల్లల్ని పంపనా వదినా?" అంటుంది. పర్లేదు, పంపు. అత్తగారు కూర తరుగుతానంటారు. పర్లేదత్తా, కూర్చోండి. ఆయన ఓ పూట సెలవు పెట్టనా అంటారు. పర్లేదు, వెళ్ళిరండి. దేనికది చిన్న మాటే. కానీ ఒకసారి పర్లేదన్నాక రెండోసారి ఎవరూ అడగరు. ఎవరు దేనికి ఎంతసేపు పెడతారో లెక్కేసే 2024 టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. ఈ తేడాలో మన 'పర్లేదు'ల వాటా ఎంతుందో ఏ సర్వే వాళ్ళూ అడగలేదు.

నేనేమీ తక్కువ తినలేదు. మూడేళ్ళ కిందట ఇదే సెలవుల్లో, ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాకు మూత పెట్టలేదని మా బాబు చెంప మీద కొట్టాను. ఐదు వేళ్ళూ తేలాయి. మూత కోసం! ఆ వారమంతా ఇంటికెవరొచ్చి ఏమడిగినా పర్లేదంటూనే ఉన్నాను.

పిల్లలు రాకముందే లెక్క మాట్లాడుకోండి. ఎంతమంది, ఎన్ని రోజులు, తిరుగు టికెట్ ఎప్పటికి? తిరుగు టికెట్ లేకుండా వచ్చే పిల్లలు బడి తెరిచే ముందు రోజు దాకా కదలరు. ముగ్గురికి మించితే వాళ్ళతో పెద్దవాళ్ళు ఒకరు రావాలి. అడగడానికి మొహమాటమైతే మీ ఆయన చేత చెప్పించండి, వాళ్ళ చెల్లెలే కదా.

తిండి దగ్గర ఒకటే ఆర్డరు. పిల్లల కంటే ముందు మీరు తినండి. వాళ్ళు తిన్నాక తిందామనుకుంటే ఐదుగురి వంతు అయ్యేసరికి పదకొండవుతుంది, అప్పటికి మధ్యాహ్నం వంట మొదలు. తరవాణి అన్నంలో ఉల్లిపాయ నంజుకుని తొమ్మిదిలోపు కడుపు నింపుకోండి. పక్కింటి ఒడియా అమ్మలు పొఖాళొ, అంటే నీళ్ళలో నానిన చద్దన్నం తిని హాయిగా ఉంటున్నారు, మనమే టిఫిన్లని చస్తున్నాం. సెలవులకు ముందే రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తం తక్కువున్నట్టే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంది. నీరసమంటే సోమరితనమని మీలో మీరే తిట్టుకోకండి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఇల్లు మూత. ఆ గంట పిల్లలకు ఫోనిచ్చినా తప్పులేదు. తప్పన్నవాళ్ళను వచ్చి ఓ గంట చూసుకోమనండి.

ఇక వరసపెట్టి చెప్పేస్తాను.

పదకొండు దాటాక డాబా ఎక్కొద్దు.

ఈ ఏడు ఆవకాయ తక్కువ పెట్టండి, లేదా కొనుక్కోండి.

పొయ్యి వెలుగుతుండగా నడుం వాల్చొద్దు.

నాగావళికి పిల్లల్ని వాళ్ళంతట వాళ్ళను పంపొద్దు. ఇసుక తవ్విన గుంతలు నీళ్ళ కింద కనపడవు.

'ఎవరో ఒకరు చూస్తారులే' వద్దు. ఇంట్లో పదిమంది ఉన్న రోజే పిల్లలు తప్పిపోతారు. "మూడింటిదాకా నువ్వు చూడు మరిదీ" అని పేరు పెట్టి అప్పగించండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్ళలో కలిపి, 24 గంటల్లో తాగెయ్యండి. మిగిలింది పారబోయండి.

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

చెయ్యి లేస్తోందనిపిస్తే గదిలోంచి బయటికెళ్ళండి. పాలు పొంగితే పొంగనీండి.

రెండు వారాలుగా నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది, ఎక్కడికైనా పోదామనో చచ్చిపోదామనో అనిపిస్తోంది అంటే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన నంబరది, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో, ఒడియాలో మాట్లాడతారు. దానికి మాత్రం ఎవరి పర్మిషనూ అడగొద్దు. అక్కడ కూడా పర్లేదనొద్దు.

అమ్మ కింద పడుకుని ఉంటే ఒకసారి పిలవాలని, పలక్కపోతే వెంటనే పక్కింటికి వెళ్ళాలని పిల్లలకు ఇవాళే నేర్పండి. మా వీధి పిల్లలు ఈ పాఠం ఎంత బాగా నేర్చుకున్నారంటే, ఆమె కునుకు తీస్తే చాలు, పది నిమిషాలకోసారి భుజం పట్టి ఊపుతున్నారట. కాబట్టి పడుకునే ముందు పెద్దాడికి చెప్పి పడుకోండి: "నిద్రపోతున్నాను, రెండింటికి లేపు."