కడపలో రెండు రోజులు: గుడి, దర్గా, గండికోట

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో రండి. ఎండాకాలం గండికోట బండల మీద నిలబడలేరు.

మొదటి రోజు పొద్దున్నే కారం దోసె తిని, రాజంపేట బస్సెక్కి ఒంటిమిట్టలో దిగండి. సుమారు 25 కిలోమీటర్లు. కోదండరామాలయం గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, హనుమంతుడు కనిపించడు. మధ్యాహ్నం తలుపులు మూస్తారు, ఆలస్యంగా బయల్దేరితే వరండాలో కూర్చోవాల్సిందే. శ్రీరామనవమి ఉత్సవాల్లో మాత్రం గదులు దొరకవు.

తిరిగొచ్చాక సి.పి. బ్రౌన్ గ్రంథాలయం చూడండి, సెలవు రోజేదో ముందే కనుక్కోండి. సాయంత్రం దేవుని కడప, ఆ తర్వాత పెద్ద దర్గా. ఉగాది నాడు ముస్లింలు కూడా దేవుని కడప వెంకన్న దర్శనానికి వస్తారు. దర్గాలో తల కప్పుకోవాలి, చేతిరుమాలు చాలు.

రెండో రోజంతా గండికోటకే. జమ్మలమడుగు దాకా బస్సులు బాగానే ఉంటాయి. అక్కడి నుంచి 15 కిలోమీటర్లకే చిక్కు: బస్సులు తక్కువ. ఆటో మాట్లాడితే రానూపోనూ, ఆగే సమయంతో కలిపి బేరం కుదుర్చుకోండి. ఒకవైపుకే మాట్లాడుకుంటే సాయంత్రం కోటలోనే చిక్కుకుంటారు. జామియా మసీదు, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం దగ్గరదగ్గరగానే ఉన్నాయి. పెన్నా లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. బండలు నున్నగా ఉంటాయి, వాన పడితే జారతాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. సెల్ఫీ కోసం అంచుకు వెళ్లడం ఒట్టి తెలివితక్కువ.

రాత్రికి కడపలో రాగి సంగటి, నాటుకోడి పులుసు.