ఇమ్యునోథెరపీ నడుస్తుంటే థైరాయిడ్ మీద ఒక కన్నేసి ఉంచండి

మే నెల ఎండల్లో నాన్న ఫ్యాన్ కట్టేయమని దుప్పటి కప్పుకున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి మూడు వారాలకోసారి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (క్యాన్సర్ మీదికి మన రోగనిరోధక శక్తినే ఉసిగొలిపే మందు) ఎక్కించడం మొదలై అప్పటికి మూడు నెలలు. నీరసం, మలబద్ధకం, గొంతు బొంగురు, అన్నీ జబ్బు వల్లేలే అనుకుని ఊరుకున్నాం. చివరికి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) 60 దాటింది, మామూలుగా 4, 5 లోపే ఉండాలి. ఆ ఆలస్యం మీకు జరగకూడదనే ఇది రాస్తున్నా.

ఈ మందులు (నివోలుమాబ్, అటెజోలిజుమాబ్, డుర్వాలుమాబ్ కూడా) మన రోగనిరోధక కణాలకు పడిన బ్రేకు తీసేస్తాయి, అప్పుడవి క్యాన్సర్ మీదే కాదు, ఒక్కోసారి థైరాయిడ్ గ్రంథి మీద కూడా పడతాయి.

మొదటి డోసుకి ముందే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) రెండూ చేయించండి, తర్వాత 4 నుంచి 6 వారాలకోసారి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే చాలదు, ఎందుకంటే రెండూ తక్కువగా ఉంటే లోపం టీఎస్‌హెచ్ పంపే పిట్యూటరీ గ్రంథిలో (మెదడు కింద ఉంటుంది) ఉండొచ్చు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే పరీక్షకి రెండు మూడు రోజుల ముందు ఆపాలి, రిపోర్టు తప్పుగా వస్తుంది.

చాలామందికి ముందు థైరాయిడ్ ఎక్కువవుతుంది: గుండె దడ, చేతుల వణుకు, చెమటలు. గ్రంథి దెబ్బతిని అందులో నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి కారడమే కారణం, అందుకే హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్ లాంటి మందులు దీనికి సాధారణంగా పనిచేయవు. దడకి ప్రొప్రనలాల్ రాస్తే, ఆస్తమా గానీ సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) గానీ ఉన్న సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. కొన్ని వారాల్లో అది తగ్గి, థైరాయిడ్ పడిపోతుంది.

అప్పుడు లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) ఇస్తారు. మొదలుపెట్టే ముందు ఉదయం కార్టిసాల్ (మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్) పరీక్ష అవసరమా అని అడగండి. అడ్రినల్ లోపం ఉండగా థైరాక్సిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర పరగడుపున, నీళ్లతో మాత్రమే. నాన్నకి లేవగానే కాఫీ పడాలి, అందుకని మాత్ర, గ్లాసు నీళ్లు రాత్రే మంచం పక్కన పెట్టి, ఐదున్నరకి మాత్ర, ఆరున్నరకి కాఫీ అని కుదుర్చుకున్నాం. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. డోసు మార్చిన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. బాగుంది కదా అని మీరే ఆపకండి, చాలామందికి ఇది జీవితాంతం వాడాల్సిందే.

చెబితే ఇమ్యునోథెరపీ ఆపేస్తారేమోనని టెన్షన్ పడి దాచేవాళ్లున్నారు. దయచేసి దాచకండి, థైరాయిడ్ ఒక్కదాని వల్ల చికిత్స ఆపాల్సిన పరిస్థితి చాలా అరుదు. కానీ మగతగా ఉన్నా, బీపీ పడిపోయి వాంతులవుతున్నా, విపరీతమైన తలనొప్పి, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా తర్వాతి డోసు దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇంజెక్షన్లు అయిపోయాక కూడా నెలల తర్వాత ఈ ఇబ్బందులు రావచ్చు కాబట్టి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఫలానా మందు ఎక్కించుకున్నామని ముందే చెప్పండి.