పుస్తకం కంటే ముందే పాఠకులు: రచయిత బ్లాగును ఎలా వాడుకోవాలి?

పుస్తకం అచ్చయ్యాక పాఠకుల్ని వెతుక్కోవడం కష్టం. రాస్తున్నప్పుడే మొదలుపెడితే పని కాస్త సులువవుతుంది. అమెరికన్ రచయిత ఆండీ వియర్ అంగారకుడి మీద చిక్కుకుపోయిన మనిషి కథను (‘ది మార్షియన్’) 2009 నుంచి తన వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయంగా ఉచితంగా పెట్టాడు. సైన్సులో పొరపాట్లు ఉంటే పాఠకులే చెప్పేవారు, ఆయన దిద్దుకునేవాడు. ఈ-బుక్ కూడా వాళ్లు అడిగాకే తెచ్చాడు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ ఆ నవలను వేసింది, మరుసటి ఏడాది సినిమా వచ్చింది. అందరికీ అంత కలిసిరాదు గానీ, ఆ దారి అందరికీ తెరిచే ఉంది.

ముందు విషయం తేల్చుకోండి. ఇవాళ కవిత, రేపు రాజకీయం, ఎల్లుండి సినిమా అంటే చదివినవాళ్లు మళ్లీ దేనికోసం రావాలి? చారిత్రక నవల రాస్తున్నారనుకోండి. ఆ కాలంలో ఉత్తరాలు ఎలా చేరేవి, సైన్యం దారిలో ఏం తినేది లాంటివి మీ పరిశోధనలో బోలెడు దొరుకుతాయి. నవలలో పట్టనివన్నీ పోస్టులుగా రాయండి. మీ పేరు విననివాళ్లు కూడా వీటి కోసం గూగుల్‌లో వెతుకుతారు. అందుకే శీర్షిక వాళ్ల మాటల్లో ఉండాలి. ‘కాలం ఒడిలో’ అని పెడితే వినసొంపుగానే ఉంటుంది, వెతికేవాళ్లకు మాత్రం దొరకదు.

బ్లాగర్, వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సర్వీసులు రెండింటిలోనూ ఉచితంగా మొదలుపెట్టవచ్చు. మీ పేరుతో సొంత డొమైన్ (వెబ్ చిరునామా) కొనడం మాత్రం దండగ ఖర్చు కాదు. రేపు సర్వీసు మార్చినా చిరునామా మారదు. నెలకు రెండు పోస్టులు చాలు. నాలుగైదు ముందే రాసి షెడ్యూల్ చేసుకుంటే టెన్షన్ ఉండదు.

అసలు పని ఈమెయిల్ జాబితా. చాలామంది వదిలేసేది కూడా ఇదే. సోషల్ మీడియాలో ఫాలోవర్లు ఎంతమంది ఉన్నా, మీ పోస్టు ఎవరికి కనిపించాలో ఆ కంపెనీ తేలుస్తుంది. ఈమెయిల్ నేరుగా ఇన్‌బాక్సుకు వెళ్తుంది. ప్రతి పోస్టు చివరా సైన్అప్ పెట్టె ఉంచండి. ఊరికే ఇవ్వమంటే ఎవరిస్తారు? ఇంకెక్కడా పెట్టని కథ ఒకటి పంపుతామని చెప్పండి. తెలిసినవాళ్ల అడ్రసులు అడక్కుండా చేర్చేయడం మాత్రం వద్దు, చిరాకు పడతారు.

నవలంతా బ్లాగులో పెట్టేముందు ఒక మెలిక చూసుకోండి. అమెజాన్‌లో సొంతంగా ఈ-బుక్ వేసుకునేవాళ్లకు కేడీపీ సెలెక్ట్ అనే పథకం ఉంది. అందులో ఈ-బుక్‌ను చేర్చితే, ఆ 90 రోజుల గడువులో అది డిజిటల్ రూపంలో మరెక్కడా ఉండకూడదు. సొంత బ్లాగుకూ మినహాయింపు లేదు. నమూనాగా 10 శాతం వరకు ఉంచవచ్చు.

పుస్తకం వచ్చిన రోజు మొదటి కబురు మెయిల్ జాబితాకే వెళ్లాలి. తర్వాత బ్లాగు గణాంకాలు తెరిచి, ఎక్కువమంది చదువుతున్న పాత పోస్టులేవో చూసి, వాటి చివర పుస్తకం లింకు పెట్టండి. కొత్తవాళ్లు ఎక్కువగా అడుగుపెట్టేది ఆ పేజీల్లోనే.