ఐప్టేసియాను గీకకండి

రీఫ్ ట్యాంక్‌లో, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, రాతి సందులోంచి గోధుమరంగు బుల్లి తాటిచెట్టులా ఏదో తల విప్పిందా? దగ్గరికి వేలు పోగానే చటుక్కున కన్నంలోకి దూరిందా? అయితే అది ఐప్టేసియానే, ట్యాంక్‌లో చీడలా పాకే ఒక సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి). పొట్టిగా, లావుగా, టెంటకిల్స్ (మీసాల్లాంటి చేతులు) చివర్లు ఉబ్బి, ఆకుపచ్చగానో ఊదాగానో అందంగా ఉంటే మజానో, అదీ ఇలాంటి అనిమోనే. రెండూ పక్కనున్న కోరల్స్‌ని కుట్టి చంపుతాయి.

ముందుగా చిమ్టా, బ్లేడు పక్కన పెట్టేయండి. గీకితే రాతికి అంటుకుని మిగిలిన చిన్న ముక్క నుంచి కూడా కొత్తది పుడుతుంది. ఒకటి తీయబోతే నాలుగవుతాయి.

పదిలోపు ఉంటే నా ఓటు కాల్క్‌వాసర్ పేస్టుకే. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని కాస్త ఆర్వో నీళ్లతో చిక్కగా కలిపి సిరంజిలోకి ఎక్కించండి. అది చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పంపులన్నీ ఆపండి. మొనను మెల్లగా, తగిలీ తగలనట్టు ఐప్టేసియా నోటి దగ్గరకు చేర్చి, అది ముడుచుకునేలోపే పేస్టు వదలండి. తర్వాత కన్నం పూర్తిగా పూడ్చేయండి. పావుగంట ఆగి పంపులు వేయండి. అన్నిటినీ ఒకేసారి చంపేద్దామన్న తొందర వద్దు, పీహెచ్ అమాంతం పెరుగుతుంది. రోజుకు రెండో మూడో చాలు. రాయి చేత్తో తీయగలిగేదైతే బయట పెట్టి చేయడం ఇంకా సుఖం.

ట్యాంకంతా పాకితే సిరంజితో అయ్యే పని కాదు, ఐప్టేసియాను తినే జీవుల్ని వదలాలి. పెప్పర్‌మింట్ ష్రింప్ (ఒక రకం రొయ్యలు)లో కొన్ని దాన్ని తింటాయి, కొన్ని కన్నెత్తి చూడవు. ఆ పేరుతో క్యామెల్ ష్రింప్‌ని అంటగట్టేవాళ్లూ ఉంటారు. వీపు మీద మూపురం, ఎర్రటి ఒంటిమీద తెల్ల గీతలు కనిపిస్తే వద్దనండి, అది కోరల్స్‌నే కొరుకుతుంది. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై ఫిష్ తినొచ్చు గానీ, దానికి తిండి అలవాటు చేయడమే పెద్ద టెన్షన్.

నాకు నమ్మకమున్నది బెర్గియా న్యూడిబ్రాంక్ (చిప్ప లేని సముద్రపు నత్త) మీదే. దానికి ఐప్టేసియా తప్ప వేరే తిండి లేదు (మజానోను ముట్టదు). రాత్రిపూట మేస్తుంది, గుడ్లు పెట్టి పెరుగుతుంది, ఫలితానికి నెలలు పడుతుంది. రాస్ చేపలు, పెప్పర్‌మింట్ ష్రింప్ దాన్నే తినేస్తాయి కాబట్టి ఆ రెండు మార్గాలూ కలపొద్దు. లైట్లు ఆరాక, పంపులు ఆపి, ఐప్టేసియా గుంపు పక్కనే వదలండి.

ఈలోగా మేత తగ్గించండి, మిగిలిపోయిన తిండితో ఇవి బలుస్తాయి. కొత్త ఫ్రాగ్ (పెంచడానికి కొనే కోరల్ ముక్క) తెస్తే, దాన్ని అతికించిన ప్లగ్ (చిన్న దిమ్మ) అడుగు కూడా చూడండి. నేనైతే ఆ ప్లగ్ పారేసి, కోరల్‌ని కొత్తదానికి అతికించాకే ట్యాంక్‌లో పెడతాను.